మూడేళ్లు ఎదురాడి చూశాక: ఒక బ్లిట్జ్ ఆటగాడి ఆటపై సమీక్ష

మొన్న ఆదివారం రాత్రి నాతో ఓడిపోయేసరికి అతని గడియారంలో ఒక నిమిషం పదకొండు సెకన్లు మిగిలి ఉన్నాయి. నా దగ్గర తొమ్మిది సెకన్లు. ఆడింది చదరంగంలో మూడు నిమిషాల ఆట, అంటే ఒక్కొక్కరికి మొత్తం మూడు నిమిషాలే. ఇలాంటి వేగపు ఆటనే బ్లిట్జ్ అంటారు. చాలామంది సమయం చాలక ఓడిపోతారు. ఇతను సమయం మిగుల్చుకుని ఓడిపోతాడు. మూడేళ్లుగా అతనితో ఆడుతున్న నాకు అతని ఆటలో ఉన్న గొప్పా, లోపమూ రెండూ ఈ ఒక్క విషయంలోనే కనిపిస్తాయి.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేదు. ఆన్‌లైన్ చదరంగ వేదిక లీచెస్‌లో ఒక అరీనా టోర్నీలో తగిలాడు, వరుసగా మూడు ఆటలు నన్ను కొట్టాడు, నాలుగోది నేను గెలిస్తే "బాగా ఆడావన్నా" అని రాశాడు. అప్పటినుంచి వారానికి నాలుగైదు రాత్రులు. వెయ్యి ఆటలు ఎప్పుడో దాటాయి. నన్ను అన్నా అంటాడు కాబట్టి ఇక్కడ తమ్ముడనే అంటాను. "నా ఆట గురించి దాచకుండా రాయన్నా, పదిమందికీ పనికొస్తుంది" అని అడిగింది కూడా అతనే.

బ్లిట్జ్‌లో అతని రేటింగ్, అంటే గెలుపోటముల్ని బట్టి ఆటగాడి బలాన్ని చెప్పే అంకె, 2300 పైన తిరుగుతుంటుంది, నాది 2150 దగ్గర. ఈ అంకెల్ని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్‌తో పోల్చకూడదు. లీచెస్‌లో అందరూ 1500తో మొదలవుతారు, లెక్కగట్టే పద్ధతి కూడా వేరు, గ్లికో-2. అయినా అక్కడ 2300 అంటే గట్టి ఆటగాడే. నాలాంటివాడు పదిసార్లు తలపడితే ఆరేడుసార్లు చేతులెత్తేయాల్సిందే.

ముందు అతని బలం చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఇష్టపడే నేను ఇన్నాళ్లు ఆడాను. అందరూ అతని వేగం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం అతని అసలు విద్య ఓడిపోయే ఆటను బతికించడమే అనిపిస్తుంది. ఒక గుర్రం పోయినా, రెండు బంట్లు పోయినా కంగారుపడడు, పావుల్ని మార్చుకోడు. మంత్రినీ ఒక గుర్రాన్నీ దగ్గర పెట్టుకుని నా రాజు చుట్టూ తిరుగుతాడు. మంత్రీ గుర్రమూ కలిస్తే ఎంత ప్రమాదమో ఆడేవాళ్లందరికీ తెలుసు, మంత్రి పోలేని గడికి గుర్రం దూకుతుంది. అతను పెట్టే ప్రతి చెక్‌కీ నాకు రెండు దారులుంటాయి, ఒకటి సరైనది, ఒకటి ఆటకట్టు. ఇరవై సెకన్లలో అలాంటి ప్రశ్నలు ఏడెనిమిది వస్తే ఎక్కడో ఒకచోట కాలు జారుతుంది. గత ఏడాది ఒక ఆటలో నాకు ఏనుగు ఎక్కువ, అతనికి మూడు బంట్లు మిగిలాయి. ఆటను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని, అదే ఇంజిన్‌ని, అడిగితే నేను ఎప్పుడో గెలిచేశానంటుంది. తర్వాత విశ్లేషణలో చూస్తే అతను వేసిన పన్నెండు ఎత్తుల్లో ఒక్కటి కూడా ఇంజిన్ మొదటి ఎంపిక కాదు. కానీ ఆ పన్నెండింటికీ నేను బదులు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎదుటివాడికి ఏది కష్టమో ఇతనికి ఒంట్లోనే తెలుసు. దీన్ని ఎవరూ నేర్పలేరు.

ఆరంభాలు ఎంచుకున్న తీరు కూడా తెలివైనదే. బోర్డు మీద నిలువు వరుసలకు ‘ఏ’ నుంచి ‘హెచ్’ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు; డీ4 అంటే ఆ రెండూ కలిసే గడి. తెల్ల పావులొస్తే లండన్ అనే అమరిక: బంటు డీ4కి, శకటు (బిషప్) ఎఫ్4కి, బంట్లు ఈ3కి, సీ3కి. నల్లవైతే ఎదుటివాడు ఏం ఆడినా కింగ్స్ ఇండియన్ అమరిక: గుర్రం ఎఫ్6, బంటు జీ6, శకటు జీ7, ఆపైన రాజును మూలకు దాచే కోట. మొదటి ఎనిమిది ఎత్తులకు అయిదారు సెకన్లకు మించి ఖర్చు పెట్టడు. ఇలాంటి అమరికల్లో సిద్ధాంతం తక్కువ గుర్తుంచుకుంటే చాలు, ఆ మిగిలిన బుర్రంతా మధ్య ఆటకు వాడుకోవచ్చు.

వాడుకోవచ్చు, కానీ అతను వాడుకోడు. ఇక్కడే నాకు అతనిమీద బాధ.

లీచెస్‌లో ఆట ముగిశాక ఏ ఎత్తుకు ఎంత సమయం పట్టిందో గీతల్లో చూపిస్తుంది. నా ఆటల్లో ఆ గీతలు కొండలూ గుట్టల్లా ఉంటాయి. తమ్ముడివి చూస్తే చదునైన నేల. పదో ఎత్తుకీ సెకనున్నర, ముప్ఫయ్యో ఎత్తుకీ సెకనున్నర. మంత్రుల మార్పిడి జరగబోతున్నా అంతే, బంట్ల అమరిక శాశ్వతంగా మారిపోతున్నా అంతే. వేగంగా ఆడటమంటే అన్ని ఎత్తులూ వేగంగా ఆడటమని అతని చేతికి అలవాటైపోయింది. గట్టి బ్లిట్జ్ ఆటగాళ్ల ఆటలు ప్రసారంలో చూడండి. పది ఎత్తులు చకచకా పడతాయి, హఠాత్తుగా ఒకచోట ఇరవై సెకన్లు చేయి కదలదు. మిగతా పది ఎత్తుల్లో దాచుకున్నది ఆ ఒక్కచోట ఖర్చు పెట్టడానికే.

ప్రీమూవ్ గురించి చెప్పకపోతే ఇది అర్థం కాదు. ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు వేసి ఉంచితే, మన వంతు రాగానే అది పడిపోతుంది. లీచెస్‌లో దానికి సమయం అసలు ఖర్చు కాదు. తప్పనిసరి మార్పిడిలో ఇది మంచి ఆయుధం. తమ్ముడు మాత్రం ఆరంభం నుంచే వేస్తాడు. ఒకరోజు తెగించాను. డీ4, అతని గుర్రం ఎఫ్6కి. నా గుర్రం ఎఫ్3కి, అతని బంటు జీ6కి. అక్కడ నా శకటును నేరుగా హెచ్6లో పెట్టాను. చూసి ఆడితే ఆ శకటు అతనికి ఉచితం, ఎఫ్8లో ఉన్న శకటుతో కొట్టేస్తే నా పని అయిపోతుంది. కానీ అతని ప్రీమూవ్ అప్పటికే పడి ఉంది, శకటు జీ7కి వచ్చేసింది. దాన్ని నా శకటు కొట్టింది, వెనకాల మూలన ఉన్న ఏనుగు కూడా చిక్కుల్లో పడింది. అయిదు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత "అయ్యో, చూడలేదన్నా" అని వచ్చింది. రెండు వారాల తర్వాత అదే ఉచ్చు, అదే గడి, మళ్లీ పడ్డాడు. రెండోసారి గెలిచినప్పుడు నాకు సంతోషం కలగలేదు. అంత చెయ్యి తిరిగినవాడు నాలుగు ఎత్తుల్లో పావు పోగొట్టుకోవడం చూడలేకపోయాను.

ఇక ఆదివారం ఆట. ఏనుగుల ముగింపు, నాకు ఒక బంటు ఎక్కువ. నా రాజు ఎఫ్5లో, బంటు ఈ5లో, ఏనుగు హెచ్7లో. అతని రాజు ఈ8లో, ఏనుగు ఆరో వరుసలో. ఇది ఫిలిడోర్ రక్షణ, 18వ శతాబ్దం నుంచి అందరికీ తెలిసిన డ్రా. చేయాల్సింది రెండే రెండు పనులు. బంటు ఆరో వరుసకు రానంతవరకూ ఏనుగును ఆ వరుసమీదే అటూ ఇటూ జరుపుతూ నా రాజును పైకి రానివ్వకూడదు. బంటు ఈ6కి వచ్చిన మరుక్షణం ఏనుగును అట్టడుగుకు, బి1 లాంటి గడికి, దించేసి వెనకనుంచి చెక్‌లు మొదలుపెట్టాలి. అప్పుడు నా రాజుకు దాక్కునే చోటుండదు, ఎందుకంటే ఆ చోటులో నా బంటే కూర్చుని ఉంటుంది.

తమ్ముడికి ఇదంతా తెలుసు. ఒకసారి నాకే వివరించాడు. ఆ రాత్రి ఏనుగు ఏ6 నుంచి బి6కి, బి6 నుంచి ఏ6కి ప్రీమూవ్‌లతో పరుగెడుతోంది, నా సెకన్లు కరుగుతున్నాయి. నేను బంటును ఈ6కి తోశాను. అతని ఏనుగు అలవాటుగా బి6కి వచ్చి ఆగింది. నా రాజు ఎఫ్6కి ఎక్కింది. ఇక హెచ్8లో ఆటకట్టు బెదిరింపు, పక్కనుంచి చెక్ పెట్టడానికి నా బంటే అడ్డు. అప్పుడు ఆగాడు, ఆ ఆటలో మొదటిసారి. పదకొండు సెకన్లు చూశాడు. చూసి రిజైన్ చేశాడు. ఆ పదకొండు సెకన్లలో రెండు సెకన్లు ఒక్క ఎత్తు ముందు ఖర్చు పెట్టి ఉంటే డ్రా, నా తొమ్మిది సెకన్లు చూస్తే అతను గెలిచినా ఆశ్చర్యం లేదు.

ఇక్కడ అతని గుణం ఒకటి చెప్పాలి. ఓడిపోయిన స్థితిని నా గడియారం అయిపోయేదాకా లాగొచ్చు, చాలామంది లాగుతారు. అతను లాగడు. ఎటూ తేలని ఏనుగుల ఆటలో నా దగ్గర నాలుగు సెకన్లే ఉన్నప్పుడు డ్రా ఇచ్చిన రాత్రులు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆటమీద మర్యాద ఉన్నవాడు.

ఈ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందంటే, నా ఉద్దేశంలో 3+0 నుంచే, అంటే మూడు నిమిషాలు, అదనం సున్నా. అదనపు సెకన్లు లేని ఆటలో గడియారం కూడా ఒక పావే. ఎదుటివాడి జెండా పడేస్తే, అంటే అతని సమయం అయిపోయేలా చేస్తే, ఎంత చెడ్డ స్థితి అయినా గెలుపే. ఆ గెలుపులు మూడేళ్లుగా తమ్ముడికి ఒకే పాఠం చెబుతున్నాయి, ఆగొద్దని. ప్రతి ఎత్తుకూ రెండు సెకన్లు కలిసే 3+2 ఆడినప్పుడు కథ మారిపోతుంది. 3+0లో నన్ను మూడింట రెండుసార్లు కొట్టేవాడు 3+2లో దాదాపు నాతో సమానం. నా సెకన్లు పూర్తిగా కరిగిపోవు కాబట్టి ముగింపు ఆడి చూపించాల్సిందే. విచిత్రమేమిటంటే రేటింగ్ ఈ తేడాను బయటపెట్టదు. లీచెస్ ఆటను వర్గీకరించేది మొదటి సమయానికి నలభై ఎత్తుల అదనపు సెకన్లు కలిపి. 3+0కి 180 సెకన్లు, 3+2కి 260. రెండూ బ్లిట్జ్ కిందికే వస్తాయి, రెండిటికీ ఒకటే రేటింగ్. ఆ 2300 వెనక ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లున్నారని అతనికి చాలాకాలం తెలియలేదు. ప్రపంచ బ్లిట్జ్ చాంపియన్‌షిప్ ఆడేది 3+2 పద్ధతిలోనే కాబట్టి, బోర్డు ముందు కూర్చుని ఆడాలనే కోరిక ఉన్నవాడు ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకో రెండు లోపాలు క్లుప్తంగా. ఓడిపోతున్నప్పుడు పావులు మార్చుకోకపోవడం అతని బలం అన్నాను కదా, గెలుస్తున్నప్పుడు కూడా మార్చుకోడు. ఒక బంటు ఎక్కువ ఉండి, మంత్రుల్ని మార్చేస్తే ప్రశాంతంగా గెలిచే ఆటలో హెచ్ బంటును తోసుకుంటూ దాడికి వస్తాడు, తన రాజునే బయట పెట్టుకుంటాడు. రెండోది, ఓడిన వెంటనే "ఇంకో ఆట" నొక్కే వేలు. రెండు వరుసగా పోతే అయిదు పోతాయి. ఒకే రాత్రిలో నూరు పాయింట్లు పోగొట్టుకుని పడుకోవడం చూశాను, తర్వాత వాటిని తిరిగి తెచ్చుకోవడానికి వారం పట్టడం కూడా చూశాను.

ఆదివారం ఆట తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను అడిగినవి ఎక్కువేం కాదు. సెట్టింగుల్లో ప్రీమూవ్ ఆపేసుకో, రెండు వారాలు చాలు. 3+2 మాత్రమే ఆడు. ప్రతి ఆటలో రెండుచోట్ల పదిహేను సెకన్లు ఆగి తీరు: బంటుతో బంటును కొట్టాల్సి వచ్చినప్పుడు, మంత్రుల మార్పిడి ఎదురైనప్పుడు. ఎందుకు ఆ రెండే అన్నాడు. గుర్రం తప్పు గడికి పోతే వెనక్కి తెచ్చుకోవచ్చు, బంటు వెనక్కి రాదు, మారిపోయిన మంత్రీ రాదు. మిగతావన్నీ నీ చేతికి వదిలెయ్, దానికి నాకంటే బాగా తెలుసు అన్నాను. ఏనుగుల ముగింపుల్ని చదవడం మానేసి లీచెస్ ప్రాక్టీస్ విభాగంలో కంప్యూటర్ మీద ఆడి చూడమన్నాను, ఎందుకంటే అతనికి లోటు జ్ఞానంలో లేదు, దాన్ని వాడే క్షణాన్ని గుర్తుపట్టడంలో ఉంది.

మొదటి మూడు రోజులు ఘోరం. ప్రీమూవ్ లేక చెయ్యి తడబడింది, నాతో వరుసగా ఏడు పోగొట్టుకున్నాడు. "నా ఆట నాది కానట్టుందన్నా" అన్నాడు. నాకూ అనుమానం వచ్చింది, ఉన్న విద్యను పాడుచేస్తున్నానేమోనని.

నిన్న అతనికి తెల్ల పావులు, ఎప్పటి లండనే. తొమ్మిదో ఎత్తులో నా సీ బంటుతో డీ4లో కొట్టాను. తిరిగి కొట్టడానికి ఈ3 బంటుంది, సీ3 బంటుంది, ఎఫ్3 గుర్రముంది. ఇన్నాళ్లూ కన్ను మూసి తెరిచేలోగా ఈ3 బంటుతో కొట్టేవాడు. ఈసారి అతని గడియారం కదులుతూనే ఉంది. పది, పదిహేను, పంతొమ్మిది సెకన్లు. చివరికి ఈ3 బంటుతోనే కొట్టాడు. ఎత్తు పాతదే, కానీ తర్వాత వచ్చినవి పాతవి కావు. బంటు తొలగి తెరుచుకున్న ‘ఈ’ నిలువు వరుసలోకి ఏనుగు వచ్చింది, గుర్రం ఈ5లో పాతుకుంది, హెచ్ బంటు ఉన్నచోటే ఉంది. నేను మంత్రుల మార్పిడికి పిలిస్తే మళ్లీ ఆగి, ఒప్పుకున్నాడు. ముప్ఫై ఎత్తులపాటు నన్ను ఊపిరాడనివ్వకుండా ఒక్క బంటు ఆధిక్యాన్ని ఎనిమిదో వరుసదాకా నడిపించాడు.

నేను రిజైన్ చేసేసరికి అతని గడియారంలో ఆరు సెకన్లున్నాయి. ఇంకో ఆట అడగకుండానే పడుకున్నాడు.