అతుకా, అంటా?

చిరిగిన అంగీకి అతుకేస్తం, అంటు వెయ్యం. అతుకులో రెండు ముక్కలు రెండుగానే ఉంటయి, కుట్టు విప్పితే విడిపోతయి. మా అమ్మమ్మ బొంతలో ఏ ముక్క ఎవరి చీరదో ఇప్పటికీ చెప్పొచ్చు. అబద్ధమాడితే "మాట అతుకుతలేదు" అనేది అందుకేనేమో.

అంటు సంగతి వేరు. నల్లగొండ బత్తాయి తోటలకు జంబేరి అనే నిమ్మజాతి మొక్క మీద బత్తాయి కన్ను (చిగురు మొగ్గ) పెట్టి అంటుకడతరు. బెరడు బెరడు కలిసి ఒకే చెట్టయితది, ఇగ విప్పుడుండదు. కింద నుంచి జంబేరి చిగురొస్తే మాత్రం తుంచాల్సిందే.

నిప్పు అంటుకుంటది, గజ్జి అంటుకుంటది. కడగని గిన్నెలు అంట్లు. మనుషులను "అంటరానోళ్లు" అన్నదీ ఈ మాటతోనే; రాజ్యాంగం 17వ అధికరణం ఆ అంటరానితనాన్ని రద్దు చేసింది. అతుకుకు ఆ పాపం లేదు, అతుకులబొంత అని ఎక్కిరించుడు తప్ప.