కంజీవీజీ: గీతల వరుస తెలిసిన ఒరవడి

జపనీస్ రాతలో వాడే చైనీస్ మూలపు అక్షరాలను కంజీ అంటారు. కుడి, ఎడమ అనే అర్థాలున్న రెండు కంజీ అక్షరాల పై భాగం చూపుకు ఇంచుమించు ఒకేలా ఉంటుంది: ఒక అడ్డగీత, దానిని దాటుతూ ఎడమకు జారే ఒక వాలుగీత. అయితే జపనీస్ పద్ధతిలో ‘కుడి’ని వాలుగీతతోనూ, ‘ఎడమ’ను అడ్డగీతతోనూ మొదలుపెట్టాలి. ఈ తేడాను మామూలు ఫాంటు చెప్పలేదు. అందులో ఉండేవి అక్షరపు అంచులు మాత్రమే కాబట్టి, గీతలు దాటుకున్న చోట ఏది ముందుదో తెలిపే ఆనవాలు మిగలదు. అభ్యాసకుల కోసం గీతల వరుసను కదిలే బొమ్మలుగా చూపాలని పూనుకున్నప్పుడు నాకు ఎదురైన మొదటి చిక్కు ఇదే. ఉల్రిక్ ఆపెల్ రూపొందించిన కంజీవీజీ అనే ఉచిత దత్తాంశం ఆ చిక్కును పూర్తిగా విప్పింది.

ఇందులో ఒక్కో అక్షరానికి ఒక్కో ఎస్‌వీజీ ఫైలు, అంటే గీతలను కొలతల రూపంలో దాచే బొమ్మ ఫైలు, ఉంటుంది. కంప్యూటర్లలో ఆ అక్షరాన్ని గుర్తించే యూనికోడ్ సంఖ్యే ఫైలు పేరు. వరిమడి అనే అర్థమున్న అక్షరాన్ని 07530 అనే ఫైలులో తెరిచి చూస్తే, 109 యూనిట్ల చదరంలో ఐదు పాత్‌లు, అంటే గీతలు సాగే దారులు, కనిపిస్తాయి: ఎడమ నిలువుగీత, పైనుంచి సాగి కుడివైపున కిందికి మలుపు తిరిగే గీత, లోపలి నిలువు, లోపలి అడ్డం, చివరగా అడుగుగీత. ఫైలులో అవి ఉన్న వరుసే రాయవలసిన వరుస, ప్రతి పాత్ మొదలయ్యే చోటే కలం ఆనవలసిన చోటు. అంతేకాక, సూర్యచంద్రులు కలిసి ‘వెలుగు’ అయ్యే అక్షరంలో ఆ రెండు భాగాలనూ వేర్వేరు గుంపులుగా గుర్తించి ఉంచారు. ఒక్కో భాగానికి ఒక్కో రంగు వేయడం నాకు క్షణాల పని అయింది. ఇంత శ్రద్ధగా అమర్చిన దత్తాంశం అరుదు.

కదలిక తెప్పించే ఉపాయం తేలికైనది. గీత పొడవును కొలిచి, అంతే పొడవున్న ఒకే ముక్క గల తుంపుగీతగా దానిని మార్చి, ఆ ముక్కను మొదట పూర్తిగా వెనక్కి జరిపి, తరువాత నెమ్మదిగా ముందుకు రానిస్తే, కలం కదులుతున్నట్టే కనిపిస్తుంది. గీతల కొనలు గుండ్రంగా ఉండాలని ఫైలులోనే నిర్దేశించడం వల్ల, ఇంకా వంతు రాని గీత కూడా కొన్ని బ్రౌజర్లలో చిన్న చుక్కగా తొంగిచూస్తుంది. వంతు వచ్చేదాకా దానిని దాచి ఉంచడమే విరుగుడు. నాకు ఎక్కువ కాలం పట్టింది వేగాన్ని కుదర్చడానికే. అన్ని గీతలకూ ఒకే సమయం ఇస్తే చిన్న గీత ఈడ్చినట్టూ పెద్ద గీత పరుగెత్తినట్టూ ఉంది. పొడవును బట్టి ఇస్తే చిన్న గీత కంటికి ఆనకముందే ముగిసిపోయింది. పొడవు వర్గమూలాన్ని బట్టి ఇచ్చి, గీతల మధ్య కలం లేచే విరామాన్ని కూడా చేర్చిన తరువాతనే అది చేతిరాతలా అనిపించింది.

అయితే కంజీవీజీ ఇచ్చేది అక్షరపు ఎముకల గూడు మాత్రమే. గీత పొడవునా మందం ఒకటే కనుక, కుంచె ఒత్తి ఆగడం, కొక్కెంలా ఎగరడం, సన్నబడుతూ జారడం అనే తేడాలు ఇందులో కనిపించవు. వాటిని చూపదలచినవారికి చైనీస్ అక్షరాల (హాన్‌జీ) కోసం చేసిన మేక్ మీ ఎ హాన్‌జీ దత్తాంశం, దానిపై నడిచే హాన్‌జీ రైటర్ అనే ప్రోగ్రాం మేలు. అక్కడ ప్రతి గీతకూ అంచులూ నడిగీతా రెండూ ఉంటాయి. నడిగీత వెంట సాగే లావుపాటి గీతను అంచుల లోపల మాత్రమే కనబడనిస్తారు. అందం ఎక్కువే గానీ, హిరగానా అనే జపనీస్ లిపిలోని ‘అ’లో మాదిరిగా ఒకే గీత మెలిక తిరిగి తనను తాను దాటే చోట ఈ పద్ధతి తడబడుతుంది: ఇంకా రాని భాగం కూడా కూడలి దగ్గర ముందే రంగు పులుముకుంటుంది. మెలికలు నిండిన తెలుగు అక్షరాలకు ఇటువంటి బొమ్మలు తయారుచేసేవారికి కూడా అంచులు లేకుండా నడిగీతను మాత్రమే గీసే కంజీవీజీ పద్ధతే నయమని నా అభిప్రాయం.

కంజీవీజీ లైసెన్సు క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్ అలైక్ 3.0, మూలాన్ని పేర్కొనాలి, మార్చిన ఫైళ్లను పంచేటప్పుడు అదే షరతుతో పంచాలి. చైనీస్ పాఠాలకు మాత్రం వీటిని ఉన్నవి ఉన్నట్టు వాడకూడదు. అదే వరిమడి అక్షరంలో జపనీస్ చెయ్యి లోపలి నిలువును ముందు గీస్తే, చైనీస్ చెయ్యి లోపలి అడ్డాన్ని ముందు గీస్తుంది.