మీటర్ ఫొటో చూసి కూలెంట్ సెన్సర్ కొనేవాళ్లకు హెచ్చరిక

కారు పని ఇంట్లోనే చేసుకునేవాళ్లు కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడి కొలిచేది) ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. "టెస్ట్ చేసిన పీసు" అని రాసి, పక్కన మల్టీమీటర్ రీడింగ్ ఫొటో పెట్టి అంటగడుతున్న డూప్లికేట్ ఒకటి నాకు తగిలింది. ఆ ఫొటోలో అబద్ధమేమీ లేదు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

రెండు పిన్నుల సెన్సర్ లోపల ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పడిపోతుంది. ఎక్కువగా కనిపించే రకానికి 20 డిగ్రీల దగ్గర దాదాపు 2.5 కిలో ఓమ్స్, 80 దగ్గర 320 ఓమ్స్, 100 దగ్గర 190కి కాస్త లోపు రావాలి. (మీ బండికి వేరే లెక్క ఉండొచ్చు, సర్వీస్ మాన్యువల్ చూడండి.) నాకొచ్చిన పీసు చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా 2.5 దగ్గరే చూపించింది. సలసల కాగే నీళ్లలో ముంచితే 400 పైనే ఆగిపోయింది. అంటే నీళ్లు వంద డిగ్రీల్లో ఉంటే ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి) డెబ్బై చిల్లర అని చెబుతోందన్నమాట.

బండిలో దీని ప్రభావం మెల్లగా బయటపడుతుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజ్ పడిపోతుంది, పొగగొట్టం దగ్గర పచ్చి పెట్రోలు వాసన వస్తుంది. ఇవి భరించొచ్చు. భయపడాల్సింది రేడియేటర్ ఫ్యాన్ గురించి: అది తిరగాల్సిన వేడిని సెన్సర్ చెప్పేసరికి ఇంజిన్ నిజంగా ఎక్కడికో పోయి ఉంటుంది. చాలా బండ్లలో డాష్‌బోర్డు ముల్లు కూడా ఈ సెన్సర్ మాటే నమ్ముతుంది కాబట్టి అదీ ప్రశాంతంగా కూర్చుంటుంది. ఈసీయూ నమోదు చేసే లోపాల కోడ్‌లలో పి0117, పి0118 అనేవి వైరు తెగినప్పుడో షార్ట్ అయినప్పుడో పడేవి. అంకె పరిధిలోనే ఉండి తప్పు చెప్పే సెన్సర్‌కు అవి పడవు, చెక్ ఇంజిన్ లైటూ వెలగకపోవచ్చు.

వాపసు అడిగితే అమ్మినవాళ్ల జవాబు: "బిగించిన ఎలక్ట్రికల్ పార్టు తీసుకోం." రీడింగులు పంపితే, సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు తీసిన అదే ఫొటో తిరిగి పంపారు! ఇక మాట్లాడి లాభం లేదు.

కాబట్టి పరీక్ష బిగించకముందే అయిపోవాలి. పెట్టె విప్పడం దగ్గర్నుంచి వీడియో తీయండి. సెన్సర్ కొన మాత్రమే నీళ్లలో ఉండాలి, కనెక్టర్ తడవకూడదు, గిన్నె అడుగుకు తగలకూడదు. పక్కనే థర్మామీటర్ పెట్టి నీళ్లు కాగుతున్నంతసేపూ రీడింగ్ చూస్తూ ఉండండి. ఒక్క చల్లటి అంకెతో తృప్తిపడితే ఏ చెత్త పీసైనా పాసైపోతుంది. మూడు నాలుగు వేడిమిల దగ్గర సరిపోలితేనే నమ్మండి. అమ్మేవాళ్లనైతే వేడినీళ్ల రీడింగే అడగండి. తప్పించుకుంటే వదిలేయండి.

అసలు పాత సెన్సరే పోయిందా అన్నది కూడా ముందు తేల్చుకోండి. ఇంజిన్ చల్లారాక కనెక్టర్ పీకి, కీ ఆన్ చేసి, వైరింగ్ వైపు రెండు పిన్నుల మధ్య కొలవండి. సుమారు 5 వోల్టులు రాకపోతే గొడవ వైరులోనో ఈసీయూలోనో ఉంది. కొత్త సెన్సర్ ఎంత మంచిదైనా అది తీరదు.