ఎంజీబీ కారు ఇంధన సూచిక: కొత్త సెండర్, కొత్త స్టెబిలైజర్

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కార్లలో పెట్రోలు ముల్లు తప్పు చూపితే చాలామంది ముందుగా డాష్‌బోర్డులోని గేజినే అనుమానిస్తారు గానీ, లోపం ఎక్కువగా ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని గ్రహించి గేజికి తెలిపే సెండర్‌లోనో, గేజికి నిలకడగా సుమారు 10 వోల్టులు అందించే స్టెబిలైజర్‌లోనో ఉంటుంది. నేను ఈ రెండు భాగాలనూ మార్చాను.

స్టెబిలైజర్ విషయంలో ఫిర్యాదేమీ లేదు. పాతది లోహపు పట్టీ వేడెక్కి, చల్లారుతూ కరెంటును తెంపి కలిపేది. కొత్తది ఎలక్ట్రానిక్ రకం కాబట్టి ముల్లు స్థిరంగా నిలుస్తోంది. అయితే దాని ఎర్త్ (కారు లోహపు బాడీతో ఉండే విద్యుత్ కనెక్షన్) బిగువుగా లేకపోతే ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది, పాజిటివ్ ఎర్త్ ఉన్న, అంటే బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపిన, తొలి మోడళ్లకు వేరే రకం కొనాలి.

సెండర్ మాత్రం అంత సంతృప్తినివ్వలేదు. ట్యాంకు పక్కగోడకు బిగించే భాగం కనుక ముందే పెట్రోలు తీసేసి, లాకింగ్ రింగును నిప్పురవ్వ రాని ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టి విప్పాలి. బిగించే ముందు వైర్లు కలిపి, పెట్రోలుపై తేలే దాని ఫ్లోటును చేత్తో ఎత్తి చూస్తే, పూర్తిగా పైకి లేపినా ముల్లు మూడొంతుల దగ్గరే ఆగింది. ఈ గేజి నిదానంగా కదిలే రకమని కాసేపు ఆగినా ఫలితం మారలేదు. ఫ్లోటును పట్టి ఉంచే కడ్డీని కొద్దిగా వంచాక ఖాళీ గుర్తు సరిగ్గా కుదిరింది, నిండు గుర్తు మాత్రం ఇప్పటికీ వెంట్రుకవాసి తక్కువే. ఈ ధరకు రబ్బరు సీలు కూడా జతచేసి ఉండవలసింది. దాన్ని విడిగా కొన్నాను.