పెరట్లో హోం థియేటర్ చేయించుకునేవాళ్ళు బ్యాలెన్సు కట్టేముందు ఇది చదవండి

మా పెరటి థియేటరు దగ్గర నిప్పంటుకుని మూడు రోజులైంది. రెండుసార్లు తలంటుకున్నా పొగవాసన నా జుట్టులోంచి పోలేదు. కోపంలో రాస్తున్నాను, ముందువెనకలు తారుమారైతే సర్దుకుని చదవండి. ఆ కాంట్రాక్టరు పేరు రాయను. ఆయన వీడియోలు చూసి మీలో కొందరు ఈపాటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటారు, ఇంకొందరు ఇవ్వబోతుంటారు. అందుకే ఆగలేక రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు పల్లె. పెరట్లో మామయ్యగారి నాటి గొడ్లచావిడి ఉంది. గేదెల్ని అమ్మేసి ఎనిమిదేళ్ళయింది, స్లాబు వేయించాక ఖాళీగానే పడి ఉంది. సెలవుల్లో పిల్లలు అక్కడ సినిమాలు చూసుకుంటారు, ఇంట్లో అత్తయ్యకి గోల ఉండదు అనుకున్నాం. 6,40,000కి మాట్లాడుకున్నాం. చావిడిని రెండు చేశారు. ముందు గదిలో ఇన్వర్టరు, కరెంటు బోర్డు, పాత సామాను. వెనక గది థియేటరు. వెనక గదిలోకి వెళ్ళాలన్నా రావాలన్నా ముందు గదిలోంచే.

ఈ సంగతి మొదటి రోజే నాకు తట్టింది. ఆ వెనక గదికి సందు వైపు ఒక చిన్న వాకిలి ఉండేది. దూడల్ని తోలడానికి మామయ్యగారు పెట్టించింది. దాన్ని అలాగే ఉంచి మంచి తలుపు పెట్టమన్నాను. సరేనన్నాడు, డ్రాయింగులో గీశాడు, కొటేషన్‌లో కూడా "పక్క తలుపు 1" అని రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మేం హైదరాబాదులో పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి ఆ వాకిలి లేదు. ఇటుకలతో మూసేసి, పైన శబ్దం ఆపే రాక్‌వూల్ (రాతినార) కొట్టి, బోర్డు వేసి, దాని మీద నల్ల ఫోమ్ అంటించేశారు. ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేనంత నున్నగా చేశారు. ఇదేంటండీ అన్నాను. సౌండ్ లీకవుతుంది మేడమ్ అన్నాడు. నిప్పంటుకుంటే పిల్లలు ఎటు వస్తారు అని అడిగాను. అప్పుడు ఆయన పనివాళ్ళ వైపు తిరిగి, "ఇది సినిమా చూడ్డానికా మేడమ్, పారిపోడానికా?" అన్నాడు.

వాళ్ళంతా నవ్వారు. మా ఆయన కూడా అక్కడే ఉన్నారు, ఆయన ఏమీ అనలేదు. నేను నిలబడిపోయాను. ఇన్ని థియేటర్లు చేశాం, రెండో తలుపు అడిగిన మనిషిని మిమ్మల్నే చూశాం అన్నాడు మళ్ళీ. సార్‌కి ఫోన్లో చెప్పాం, సార్ సరే అన్నారు అని కూడా అన్నాడు. అది పచ్చి అబద్ధం. మా ఆయనకి ఫోనే రాలేదు. ఆ మాట ఆయన అక్కడే అనాలి, అనలేదు. అందరి ముందూ గొడవెందుకులే అనుకున్నారట. నేనూ అదే అనుకున్నాను. ఆదివారం ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు, ఆ రోజుకి పూర్తవ్వాలని పట్టుబట్టింది నేనే. సాయంత్రం మిగిలిన లక్షన్నర నా చేత్తోనే పంపాను. ఆ డబ్బు ఆపి ఉంటే మర్నాడు పొద్దున్నే వచ్చి గోడ తెరిచేవాడు. ఈ మూడు రాత్రులూ నాకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ ఒక్క సంగతే. నాకు తెలుసు, అడిగాను కూడా, అయినా నలుగురు నవ్వారని ఊరుకున్నాను.

సరిగ్గా పదకొండో రోజు. సాయంత్రం అత్తయ్య ఆరేసిన బట్టలు తీస్తూ, అమ్మాయ్, చావిట్లోంచి పొగ వస్తోందే అని కేకేశారు. ముందు గదిలో ఇన్వర్టరు బ్యాటరీని అందంగా ఉంటుందని ప్లైవుడ్ అరలో పెట్టి మూసేశారు, గాలాడే సందు కూడా లేదు. బ్యాటరీకి వచ్చే లావు వైరు బిగింపు వదులుగా ఉందట, అక్కడ వేడెక్కి అర అంటుకుంది. తర్వాత ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాడు. వెనక గదిలో నలుగురు పిల్లలున్నారు. నా ఇద్దరూ, ఆడపడుచు కూతురూ, పక్కింటి ఆరేళ్ళ బాబూ. వాళ్ళకి ఏమీ తెలీదు. లోపల సినిమా నడుస్తూనే ఉంది.

నేను అరిచాను. గొంతు పోయేలా అరిచాను. లోపలి శబ్దం బయటికి రాకూడదని లక్షలు పోసి కట్టించుకున్న గోడలు, నా కేకని లోపలికి పోనివ్వలేదు. సందులోకి పరిగెత్తి, ఆ వాకిలి ఉన్నచోట రోకలితో ఇటుకల మీద బాదాను. పెచ్చు కూడా ఊడలేదు. ఆ చావిట్లో దూడలకి రెండు దారులుండేవండీ. నా పిల్లలకి ఒక్కటే మిగిల్చాం, అదీ మంటలోంచి.

మా ఆయన మెయిన్ కట్టేసి, తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని పాక్కుంటూ వెళ్ళి తలుపు తోశారు. పిల్లల్ని నేలకి ఆనిపించి ఒకరి వెనక ఒకర్ని లాక్కొచ్చారు. నలుగురూ వచ్చారు. పక్కింటి బాబుకి మాత్రం పొగ పట్టేసి ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. వాళ్ళమ్మ నన్నొక్క మాట అనలేదు. ఆమె మొహం చూడలేకపోతున్నాను.

101కి చేస్తే ఫైరింజను వచ్చింది. మంట అప్పటికి ముందు గది దాటలేదు. వచ్చినాయన వెనక గదిలోకి వెళ్ళి, గోడ మీది ఫోమ్‌ని గిల్లి చూసి, ఇది అంటుకుని ఉంటే మీకు రెండు నిమిషాలు కూడా దొరికేవి కావమ్మా అన్నారు. అది పీయూ, అంటే పాలీయురేథేన్ ఫోమ్. కాలితే కార్బన్ మోనాక్సైడ్, దాంతోపాటు సైనైడ్ విషవాయువు వస్తాయి. మంట ఒంటికి తగలక ముందే మనిషి స్పృహ తప్పుతాడు. 2013 జనవరిలో బ్రెజిల్‌లో ఒక నైట్‌క్లబ్బులో 242 మంది చనిపోయింది ఇలాంటి ఫోమ్ అంటుకునే. అక్కడా బయటికి ఒక్కటే దారి. అంత దూరం ఎందుకు, 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్‌కి సెలవు రోజు ఆడుకోవడానికి వెళ్ళిన పిల్లలు ఏమయ్యారో టీవీలో అందరం చూశాం. 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయారు, ఆ ఇంటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారే. ఆ వార్త చూసి ఏడ్చిన దాన్నే నేను. అదే పని నా పెరట్లో చేయించుకున్నాను.

ఆ కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. ఇన్వర్టరు మీది కదా మేడమ్, మాకేం సంబంధం అన్నాడు. బ్యాటరీని అరలో పెట్టి మూసింది, వైరు బిగించింది ఆయన మనుషులే. వాకిలి సంగతి ఎత్తితే, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు ఎత్తట్లేదు.

ఇంగ్లండులో ఉండే మా మరిది చెబితే తెలిసింది, అక్కడ ఇలా ఇంకో గదిలోంచి తప్ప దారి లేని గది కడితే, మనిషి దూరి బయటపడేంత కిటికీ ఉండి తీరాలట. తెరిచిన ఖాళీ వెడల్పూ ఎత్తూ ఏదీ 450 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, మొత్తం 0.33 చదరపు మీటర్లు ఉండాలి, కింది అంచు నేల నుంచి 1,100 మిల్లీమీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు. 450కి 450 పెడితే సరిపోదు, లెక్క కట్టి చూడండి, ఒకవైపు 450 అయితే రెండోది దాదాపు 750 కావాలి. మన పెరటి గదికి ఎవరూ వచ్చి ఇవి కొలవరు. ఫైర్ ఎన్ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, అడిగేది పెద్ద భవనాలకే. కొలుచుకోవాల్సింది మనమే.

ఇప్పటికే ఇలాంటి గది ఉన్నవాళ్ళు ఈ రాత్రికే చూసుకోండి. కిటికీ ఉన్నా గ్రిల్ వెల్డింగ్ చేసేసి ఉంటే అది దారి కాదు, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునేలా మార్పించండి. ఇన్వర్టరూ గ్యాసు బండా దారిలో పెట్టకండి. పొగ అలారం ముందు గదిలో ఒకటి, థియేటర్లో ఒకటి పెట్టించి, ఒకటి మోగితే రెండోదీ మోగేలా కలపమనండి. బయట మోగేది లోపలికి వినపడదు, నేను చూశాను. గోడకి ఏ ఫోమ్ వేస్తున్నారో ఒక ముక్క అడిగి తీసుకుని, ఇంటికి దూరంగా ఆరుబయట, గాలి అటు పోయేలా నిలబడి వెలిగించి చూడండి, భగ్గుమంటే వద్దనండి. ముఖ్యంగా, రెండో దారి కంటితో చూసి, దాంట్లోంచి మీరు దూరి బయటికి వచ్చాకే ఆఖరి డబ్బు ఇవ్వండి.

రేపు పొద్దున మేస్త్రీ వస్తున్నాడు. దూడల వాకిలి మళ్ళీ తెరుస్తాం, ఫోమంతా పీకేస్తాం. కొటేషన్ కాగితం, మూసేసిన గోడ ఫొటోలు నా దగ్గరున్నాయి. ఆ కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇచ్చినవాళ్ళెవరైనా ఉంటే అడగండి, పంపిస్తాను.