విడాకుల లాయర్‌తో జాగ్రత్త: కేసు నంబరు చేతికి రాకముందే రెండో విడత డబ్బు ఇవ్వకండి

"ఆరు నెలల్లో డిక్రీ గ్యారంటీ", "అన్నీ కలిపి ప్యాకేజీ", "మీరు కోర్టుకు రానక్కర్లేదు". ఈ మూడు మాటలూ ఒకే లాయర్ నోట వింటే మారు మాట్లాడకుండా లేచి వచ్చేయండి. మా చెల్లి విషయంలో మూడూ విన్నాం. ఎల్బీనగర్, వనస్థలిపురం చుట్టుపక్కల ఉండేవాళ్లకీ, ఏ జిల్లాలోనైనా ఫ్యామిలీ కోర్టు గడప తొక్కబోతున్నవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నా.

మాది గొడవల కేసు కూడా కాదు. పిల్లలు లేరు. పెద్దమనుషుల్లో కూర్చుని అన్నీ మాట్లాడుకున్నాం. పెట్టిన బంగారం, సామాను వెనక్కి వచ్చేశాయి, ఇవ్వాల్సిన డబ్బు లెక్క కూడా తేలిపోయింది. ఇద్దరూ విడిగా ఉండబట్టి ఏడాదిన్నర దాటింది. హిందూ వివాహ చట్టం 13బీ కింద పరస్పర అంగీకారంతో వేసే పిటిషన్. ఇందులో లాయర్ వాదించడానికంటూ ఏమీ ఉండదు. కాగితాలు తప్పుల్లేకుండా రాయాలి, కోర్టులో వేయాలి, పిలిచిన రోజు ఇద్దర్నీ జడ్జిగారి ముందు నిలబెట్టాలి. అంతే. ఆ కాస్త పనికే మా చేత చుక్కలు లెక్కపెట్టించాడాయన.

ఫోన్‌లో 'దగ్గర్లో బెస్ట్ విడాకుల లాయర్' అని కొడితే పైన కనిపించిన పేరు. దాదాపు ఐదు నక్షత్రాల రేటింగ్, గోడ నిండా షీల్డులు, రిసెప్షన్‌లో ఏసీ. అసలు లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ రూలు అదే చెబుతోంది. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు కూడా, ఆన్‌లైన్‌లో లాయర్లను సరుకులా అమ్మిపెట్టే సైట్ల మీద చర్య తీసుకోమని బార్ కౌన్సిల్‌కి గట్టిగా చెప్పింది. కాబట్టి 'నంబర్ వన్', 'నూరు శాతం సక్సెస్' అని ఎవరైనా వేసుకున్నారంటే వాళ్లు తమ వృత్తి నియమాన్నే పక్కన పెట్టారని అర్థం. మన కేసు దగ్గరికొచ్చేసరికి నియమాలు పాటిస్తారని ఏం నమ్మకం?

ఫీజు అరవై వేలు, సగం అడ్వాన్స్. వకాల్తా (మన తరఫున కోర్టులో నిలబడేందుకు లాయర్‌కి రాసిచ్చే కాగితం) మీద సంతకాలయ్యాయి. వాటితోపాటు రెండు తెల్లకాగితాల మీద కూడా పెట్టమన్నారు, 'మెమోలకి అవసరమవుతాయి' అని. మా చెల్లి పెట్టనంది. ఆయన మొహం మాడిపోయింది. ఆ ఒక్క విషయంలో దాని మొండితనమే మమ్మల్ని కాపాడింది.

పది రోజులకు గుమాస్తా ఫోన్ చేసి "ఫైల్ అయిపోయిందమ్మా, ఇంక వాయిదాలే" అన్నాడు. అప్పట్నుంచీ ఏ నెలకా నెల ఏదో ఒక కథ. జడ్జిగారు సెలవు, స్టాఫ్ బదిలీ, లాయర్ల బహిష్కరణ, లోక్ అదాలత్. మధ్యమధ్యలో 'ఖర్చులు' అంటూ ఐదువేలు, మూడువేలు, అవి కూడా గుమాస్తా ఫోన్ నంబరుకే పంపాలి. ఒకసారైతే 'లోపల కాస్త చూసుకోవాలి, త్వరగా అవుతుంది' అన్నారు. లోపల అంటే ఎవర్నని అడిగితే నవ్వు. ఇలాంటి డబ్బు చాలాసార్లు ఆ ఆఫీసు గడపే దాటదని తర్వాత కోర్టు వరండాలో తోటి బాధితులు చెప్పారు. కోర్టులో ఎవరికో ఇవ్వాలంటూ డబ్బడిగిన లాయర్‌కి ఆ రోజుతోనే దణ్ణం పెట్టేయండి.

అనుమానం ఎక్కడ వచ్చిందంటే, పరస్పర అంగీకారం కేసులో 'మీరు రానక్కర్లేదు' అన్న మాట దగ్గర. ఇలాంటి కేసు కోర్టులో రెండు దఫాలుగా నడుస్తుంది. మొదటి దఫాలో కోర్టు ఇద్దరి వాంగ్మూలాలూ నమోదు చేస్తుంది. బలవంతం ఏమైనా ఉందా, ఇష్టపడే వచ్చారా అని అడుగుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి కోర్టు అనుమతిస్తే వీడియోలోనో, జీపీఏ (మన బదులు వ్యవహరించే అధికార పత్రం) ఇచ్చిన మనిషి ద్వారానో వీలు దొరకొచ్చు గానీ, వనస్థలిపురంలో ఉన్న మనిషి లేకుండా ఎలా జరుగుతుంది? కేసు నంబరు ఇవ్వండి అంటే 'ఇంకా ఆన్‌లైన్‌లో ఎక్కలేదు' అన్నారు.

నేరుగా కోర్టుకే వెళ్లాం. ఫైలింగ్ సెక్షన్‌లో ఇద్దరి పేర్లూ చెబితే రిజిస్టర్ తిరగేసి "ఇది ఎస్సార్‌లోనే ఉంది, రిటర్న్ అయింది, మీ లాయర్ గుమాస్తా తీసుకెళ్లాడు" అన్నారు. ఇది తెలియకే చాలామంది మోసపోతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతా. మన రెండు రాష్ట్రాల్లో పిటిషన్ వేయగానే పడేది ఎస్సార్ నంబరు. ఆఫీసు వాళ్లు కాగితాలు పరిశీలించి లోపాలుంటే రాసి వెనక్కి ఇస్తారు. అవి సరిచేసి గడువులోగా మళ్లీ వేస్తేనే ఎఫ్‌సీఓపీ నంబరు, అంటే ఫ్యామిలీ కోర్టులో అసలు కేసు నంబరు, పడుతుంది, అప్పుడే కేసు పుట్టినట్టు. మా పిటిషన్ వెనక డాకెట్ మీద రాసిన అభ్యంతరాలు తర్వాత కళ్లారా చూశాం. పెళ్లి ఫొటో, శుభలేఖ జతపరచలేదు. భర్త ఆధార్ కాపీ లేదు. చివరిగా ఇద్దరూ కలిసి కాపురమున్న చిరునామా రాయలేదు. ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారో చెప్పలేదు. అన్నీ కలిపి ఒక పూట పని. ఆ కాగితాలు ఆయన బీరువాలో పడుండగానే మాకు లేని కేసుకి వాయిదాలు చెబుతూ వచ్చారు.

అందుకే 'ఫైల్ అయింది' అన్న మాటకు పొంగిపోకండి. నంబరు పడిందా అని అడగండి. పడితే సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే కేసు ఏ కోర్టులో ఉందో, గత వాయిదాలో ఏం జరిగిందో, తర్వాతి తేదీ ఎప్పుడో మీరే చూసుకోవచ్చు. ఆ నంబరు మీ చేతికి వచ్చాకే రెండో విడత ఫీజు. ఈ షరతు మొదటి రోజే చెప్పండి. నిక్కచ్చిగా పనిచేసే లాయర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు.

నిలదీస్తే ఆయన చెప్పిన సమాధానం ఇంకా ఘోరం. "అంత తక్కువకి ఒప్పుకున్నారేంటమ్మా, ఒక 498ఏ పడేస్తే వాళ్లే దిగొస్తారు, పైన వచ్చేదాంట్లో నాకు పదిహేను శాతం ఇవ్వండి చాలు." 498ఏ అంటే భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టే క్రిమినల్ కేసు. నిజంగా వేధింపులకు గురైనవాళ్లు ఆ కేసు పెట్టుకోవాలి, అది వాళ్ల హక్కు. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షన్. జరగని వేధింపుని పుట్టించి, కుదిరిన రాజీని చెడగొట్టి, అందులో వాటా అడగడం వేరే సంగతి. ఫలితాన్ని బట్టి ఫీజు, రాబడిలో వాటా - ఈ రెండూ బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. భరణంలో శాతం అడిగిన లాయర్‌కి మీ కేసు ఎంత లాగితే అంత లాభం.

లాయర్‌ని మార్చుకుంటాం అంటే మిగతా ముప్పై వేలూ కడితేనే ఫైలు, నో అబ్జెక్షన్ (వేరే లాయర్‌ని పెట్టుకోవడానికి ఒప్పుకుంటూ ఇచ్చే కాగితం) ఇస్తానన్నాడు. ఇక్కడ చాలామంది భయపడి కట్టేస్తారు. కట్టక్కర్లేదు. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టి ఉంచే హక్కు లాయర్‌కి లేదని 2000లోనే సుప్రీంకోర్టు ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. బాకీ ఉంటే ఆయన దావా వేసుకోవచ్చు, ఫైలు మాత్రం ఇచ్చేయాలి. నో అబ్జెక్షన్ ఇవ్వకపోతే కొత్త లాయర్ కోర్టు అనుమతి అడిగి వకాల్తా వేయొచ్చు. మాది నంబరే పడని కేసు కాబట్టి కొత్తగా పిటిషన్ రాయించుకున్నాం. ఒరిజినల్స్ ఇవ్వకుండా జిరాక్సులే ఇచ్చి ఉండటం వల్ల ఆయన చేతిలో మమ్మల్ని బెదిరించడానికి ఏమీ మిగల్లేదు.

కొత్తగా పెట్టుకున్న లాయరమ్మ ఆఫీసులో ఏసీ లేదు. మొదటి రోజే ఆవిడ అడిగినవి: ఎప్పట్నుంచి విడిగా ఉన్నారు, ఆఖరి కాపురం ఎక్కడ, పెళ్లి ఎక్కడ జరిగింది, అవతలివాళ్లు ఎక్కడుంటున్నారు. కేసు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో ఈ జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది. 2003 సవరణ తర్వాత భార్య తానుంటున్న చోట కూడా పిటిషన్ వేసుకోవచ్చు. గ్యారంటీ అన్న మాట ఆవిడ ఎత్తలేదు. రెండో దఫాకి చట్టం ప్రకారం పిటిషన్ వేసిన తేదీ నుంచి ఆరు నెలలు ఆగాలి, పద్దెనిమిది నెలలు దాటకూడదు అని చెప్పారు. ఆరు నెలల గడువు మాఫీ చేసే అధికారం ఫ్యామిలీ కోర్టుకి ఉందని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండటం, రాజీ ప్రయత్నాలు ఫలించకపోవడం, భరణం లాంటివన్నీ తేలిపోవడం చూస్తారు. "అడుగుదాం, ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం" అన్నారు. అడిగారు, ఇచ్చారు. మా చెల్లి చేతికి డిక్రీ వచ్చింది.

మరి పాత లాయర్ మింగిన డబ్బు? వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాం. ఆ దారి మూసుకుపోయింది. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పాడైన ఫ్రిజ్ కొంటే ఉన్న దిక్కు కూడా ఇక్కడ లేదు. మిగిలింది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు, లేదంటే సివిల్ దావా. ఫిర్యాదు పెట్టాం. ఏడాదిలో తేల్చకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్తుంది. గుమాస్తాకి పంపిన డబ్బు 'నాకు సంబంధం లేదు' అని ఆయన తప్పించుకోజూస్తున్నాడు కాబట్టి, ఎంత చిన్న మొత్తమైనా లాయర్ సొంత ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. ఇవ్వనంటే వాట్సాప్‌లోనే 'ఫలానా పనికి ఇంత పంపాను' అని రాసి పెట్టండి, అది సాక్ష్యం.

మీ ఊళ్లో లాయర్‌ని వెతికేముందు మీ కేసు ఏ కోర్టుకి వస్తుందో తెలుసుకోండి. తర్వాత ఆ కోర్టులో రోజూ ఉండేవాళ్లని చూడండి. నల్గొండ కేసుకి హైదరాబాద్ నుంచి పెద్ద పేరున్నాయన్ని తీసుకెళ్తే వచ్చేది జూనియర్, కారు ఖర్చు మాత్రం సీనియర్‌ది. ఫ్యామిలీ కోర్టులో విచారణ చాలావరకు లోపల, గోప్యంగా జరుగుతుంది, మనం కూర్చుని చూడలేం. కానీ ఒక పూట వరండాలో నిలబడితే చాలు: కేసు పిలిచినప్పుడు ఎవరు ఫైలుతో సిద్ధంగా ఉన్నారు, ఎవరి క్లయింట్లు ఫోన్ పట్టుకుని 'సార్ ఎక్కడున్నారు' అని వెతుక్కుంటున్నారు అన్నది తెలిసిపోతుంది. ఈకోర్ట్స్‌లో లాయర్ పేరుతో కూడా వెతకొచ్చు.

కేసు మీ మీద పడితే ఇంకో ప్రమాదం ఉంది. మా ఆఫీసులో ఒకబ్బాయికి ఖమ్మం నుంచి సమన్లు వచ్చాయి. లాయర్‌ని పెట్టుకున్నాడు, ఫీజిచ్చాడు, ఆయన వాయిదాలకి వెళ్లలేదు, కౌంటర్ వేయలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఇతని వాదన వినకుండానే తీర్పు, అయిపోయింది. దాన్ని కొట్టేయమని అడగడానికి గడువు ముప్పై రోజులు, ఇతనికి తెలిసేసరికే అది దాటిపోయింది. ఇప్పుడు ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, డిక్రీ తీసేయమని ఇంకోటి. వారానికోసారి యాప్ చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, బద్ధకించకండి.

అమెరికాలో ఉన్నవాళ్లు 'అక్కడ డిక్రీ తెచ్చేసుకోండి, ఇక్కడ నేను చూసుకుంటా' అనే లాయర్‌ని నమ్మకండి. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో భర్త మిస్సోరీలో తెచ్చుకున్న డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక వంద రూపాయల బాండు పేపరు మీద రాసి నోటరీ కొట్టించి 'అయిపోయింది' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిరూపించగల కులాచారం ఉంటే తప్ప హిందూ పెళ్లి అలా రద్దు కాదు. ఆ కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే కేసు మెడకు చుట్టుకుంటుంది.

డబ్బు కట్టలేని ఆడవాళ్లు అప్పు చేసి మరీ లాయర్లకు పోస్తున్నారు, అది చూస్తే బాధేస్తుంది. ఆదాయంతో పనిలేకుండా ఏ మహిళకైనా 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి నేరుగా వెళ్లండి, మామూలుగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. వాళ్లిచ్చే లాయర్లందరూ చురుగ్గా ఉంటారని నేను చెప్పను, కానీ పనిచేయకపోతే అదే ఆఫీసులో చెప్పి వేరేవాళ్లని అడగొచ్చు. ఆధార్, శుభలేఖ, పెళ్లి ఫొటో జిరాక్సులు పట్టుకెళ్లండి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి.