గోడకు వేలాడే గుడ్డ పాకెట్ కుండీలు: ఒంగోలు ఎండల్లో రెండేళ్లు దాటాక

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తాను. కొనొచ్చు, కానీ మీ ఇంట్లో మొక్కలకు పోసే నీళ్లు ఎలాంటివి, ఏ గోడకు తగిలిస్తారు అన్న రెండూ చూసుకున్నాకే కొనండి. అవి కుదిరితే పుదీనా, వామాకు, నాచు పూల లాంటివి ఇంత తక్కువ చోటులో పెంచుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకైతే కనపడలేదు. కుదరకపోతే మాత్రం రెండో ఎండాకాలానికి గుడ్డ మీద తెల్లటి ఉప్పు, లోపల ఎండిన పుల్లలు మిగులుతాయి.

నేను వాడుతున్నది మందపాటి నల్ల ఫెల్ట్ గుడ్డది. వరుసకు మూడు చొప్పున నాలుగు వరుసలు, మొత్తం పన్నెండు పాకెట్లు, ఒక్కో పాకెట్ జానెడు లోతు కూడా ఉండదు. 2023 దసరా రోజుల్లో తగిలించాను, ఇప్పటికీ అదే వేలాడుతోంది. దాంతోపాటు ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని తీసుకున్న పల్చటి రకం ఇంకొకటి ఉండేది, అది ఒక్క ఎండాకాలం కూడా ఆగలేదు, తగిలించే రింగుల దగ్గర గుడ్డ పేలికలుగా చిరిగిపోయి పై వరుస మొత్తం మట్టితో సహా కిందకి జారింది. ఈ గుడ్డ పాలిస్టర్ లాంటి ప్లాస్టిక్ పోగుతో చేసేది కాబట్టి నీళ్లకు కుళ్లదు, దాన్ని తినేది ఎండే. అందుకే కొనేటప్పుడు ఫోటోలో పూలు చూసి మోసపోకుండా గుడ్డ మందం, కుట్లు రెండు వరసలు వేశారా లేదా, రింగులు ఇనుపవా కావా అని చూడండి. మాకు కొత్తపట్నం సముద్రం దూరమేం కాదు, ఆ ఉప్పుగాలికి ఇనుప రింగులు తుప్పు పట్టి గుడ్డను కోసేస్తాయి.

ఇప్పుడు నీళ్ల సంగతి, అసలు కథంతా ఇక్కడే ఉంది. మట్టి కుండీలో పోసిన నీళ్లు పైనుంచీ, కొంత కుండీ గోడల్లోంచీ ఆరిపోతాయి. ఈ పాకెట్లకైతే ముందు, పక్క, అడుగు అన్నీ గుడ్డే, అన్ని వైపులా ఆరుతుంది. బోరు నీళ్లు పోస్తే నీరు ఆవిరై పోయి అందులోని ఉప్పంతా గుడ్డ మీదే నిలబడిపోతుంది. మా వీధిలో బోరు నీళ్లతో కడిగిన స్టీలు గిన్నె ఆరితే తెల్ల మరకలు పడతాయి, అవే మరకలు ఇక్కడ పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకి తిరిగితే చాలామంది నీళ్లు చాలలేదనుకుని ఇంకా ఎక్కువ పోస్తారు, అదే బోరు నీళ్లు! నేను ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టి వీటికే పోస్తాను, వాటిలో ఉప్పు ఉండదు, రాత్రంతా ఏసీ వేసే ఇళ్లలో పొద్దున్నకి బకెట్‌లో బాగానే చేరతాయి. బియ్యం కడిగిన నీళ్లు కూడా మంచివే. ఆర్‌ఓ మెషిన్ బయటకు వదిలే నీళ్లు మాత్రం దయచేసి పోయొద్దు, వాటిలో ఉప్పు మామూలు బోరు నీళ్లకంటే ఎక్కువ. అప్పుడప్పుడూ మంచినీళ్లు పైనుంచి ధారగా, కింద కారిపోయేదాకా పోసి ఆ ఉప్పును కడిగేయాలి. వానాకాలంలో ఆ పని వానే చేసిపెడుతుంది.

ఇంకోటి, పైన పోసిన నీళ్లు గుడ్డ వెంట కిందకి దిగుతూనే ఉంటాయి కదా, అందువల్ల పై వరుస మధ్యాహ్నానికే ఎండిపోతే అట్టడుగు వరుస మర్నాటి పొద్దుటికీ తడిగానే ఉంటుంది. ఏ మొక్క ఎక్కడ అనేది దీన్ని బట్టే. పై వరుసలో నాచు పూలు, అదే టేబుల్ రోజ్ అంటారే అవి, వాటి పక్కన వామాకు. రెండిటి ఆకులూ నీళ్లు దాచుకునేవే, ఒక పూట మర్చిపోయినా ఏమీ అనవు. రెండో వరుసలో బిళ్ళ గన్నేరు, మరువం. మూడో వరుసలో తులసి, మెంతికూర. అట్టడుగున పుదీనా, అక్కడ అది రెచ్చిపోయి పెరుగుతుంది, బజార్లో తెచ్చిన కట్టలో ఆకులు దూసుకున్నాక మిగిలే కాడలు గుచ్చితే చాలు. ఇంటికెవరొచ్చినా పచ్చడికి సరిపడా కోసుకోవచ్చు, కోసేకొద్దీ ఇంకా గుబురవుతుంది. సాయంత్రం అప్పటికప్పుడు కోసిన వామాకుతో వేసే బజ్జీల కోసమైనా మా ఇంట్లో ఈ గుడ్డను ఎవరూ తీసేయనివ్వరు.

కనకాంబరం వీటిలో పెట్టొద్దు. మా అత్తయ్యకు జడలోకి కనకాంబరాలంటే ప్రాణం, అందుకని రెండు పాకెట్లు వాటికే ఇచ్చాను, బతికాయి గానీ పూలు పది కూడా సరిగ్గా రాలేదు. దాని వేర్లకు ఆ లోతు చాలదు, ఇప్పుడు కుండీలోకి మార్చాక మాల కట్టుకునేన్ని పూస్తోంది. ముద్దబంతి కూడా అంతే, పూవు బరువుకి కాడ ముందుకు వాలి విరిగిపోతుంది, బంతి కావాలంటే పొట్టి రకం పెట్టుకోండి.

మట్టి విషయంలో మన ప్రాంతం వాళ్లకు ఒక మాట. పొలం నుంచి నల్లరేగడి తెచ్చి నింపకండి. అది ఎండితే గట్టిపడి, కుంచించుకుపోయి గుడ్డను వదిలేస్తుంది, ఆ సందులోంచి నీళ్లన్నీ జారిపోయి మొక్క వేరు పొడిగానే ఉంటుంది. నేను సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), మిగతా సగం వర్మీకంపోస్టు, కొంచెం ఎర్రమట్టి, పాకెట్‌కి చెంచాడు వేపపిండి కలుపుతాను. కోకోపీట్‌ని కూడా ముందు ఒకటి రెండు సార్లు మంచినీళ్లతో కడిగి పిండాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది. నర్సరీలో కొన్న మొక్కలైతే, కడియం నుంచి వచ్చేవాటికి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది చూశారా, దాన్ని కాసేపు నీళ్లలో నానబెట్టి సగం వదిలించి నాటండి, లేకపోతే చుట్టూ తడి ఉన్నా ఆ ముద్ద మాత్రం ఎండిపోతుంది. ఇంత కొద్ది మట్టిలో బలం త్వరగా కడుక్కుపోతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు బాగా పలచగా చేసి పోస్తాను. వాసన వస్తుంది, పక్కింటి వాళ్లకు ముందే చెప్పుకోవాలి.

యూట్యూబ్‌లో హైదరాబాద్ వాళ్లు జూన్‌లో మొదలుపెట్టమంటారు. వాళ్లకు అది సరే, అక్కడ అప్పటికి వానలు పడతాయి. మనకు ఒంగోలు, నెల్లూరు వైపు జూన్ అంటే పడమటి గాలి, ఆ వేడి గాలి ఒక్క మధ్యాహ్నంలో గుడ్డను గలగలలాడేట్టు ఆరబెట్టేస్తుంది. మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవి. అందుకే దసరా తర్వాత మొదలుపెట్టి ఉగాది దాకా కొత్తిమీర, మెంతికూర అన్నీ వేసుకోండి. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి బద్దలు చేసి చల్లాలి, ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. ఎండలు ముదిరాక కొత్తిమీర వేస్తే ఆకు పెరగకముందే పూతకు వచ్చేస్తుంది, మన తప్పేం కాదు, ఆ మొక్క గుణమే అంత. రోహిణి కార్తెలో నేను కొత్తగా ఏదీ నాటను, ఉన్నవాటికి పైన గ్రీన్ నెట్ కట్టి పొద్దున, సాయంత్రం రెండు పూటలా నీళ్లు పోస్తాను. ఊరెళ్తే ఆ రెండు పూటలూ ఎవరో ఒకరు చూడాల్సిందే, అది కుదరని ఇంటికి ఇవి పనికిరావు.

గోడ తూర్పుదైతే మంచిది, పదకొండింటిదాకా ఎండ వచ్చి తర్వాత నీడ పడుతుంది. పడమటి గోడ మే నెలలో రాత్రి కూడా వేడి కక్కుతూ ఉంటుంది, అక్కడ నాచు పూలు తప్ప ఏదీ నిలవదు. గోడకు నేరుగా మేకులు కొట్టి తగిలిస్తే తడికి సున్నం పొరలు పొరలుగా ఊడిపోతుంది, నేను గోడకు నాలుగు వేళ్ల ఎడంలో జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) బిగించి ఎస్ హుక్కులతో వేలాడదీశాను. నీళ్లు పట్టాక మొత్తం బరువు పదిహేను ఇరవై కేజీలవుతుంది కాబట్టి పైపు గట్టిగా ఉండాలి.

హుక్కుల వల్ల తుపాను రోజుల్లో ప్రాణం హాయిగా ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ముందురోజే ఇద్దరం కలిసి మొత్తం దించి మెట్ల కింద గోడకు ఆనించాం. డాబా మీద వదిలేసిన సిమెంటు కుండీల్లో నీళ్లు నిలిచి కొన్ని మొక్కల వేర్లు కుళ్లాయి. అదే వానాకాలంలో ఆరుబయట ఎంత జోరువాన తాగినా ఈ పాకెట్లలో నీళ్లు నిలవలేదు, అన్ని వైపులా కారిపోయాయి. ఎండాకాలంలో మనల్ని ఏడిపించే గుణమే వానాకాలంలో మొక్కను కాపాడుతుంది.

పురుగుల బెడద కుండీల్లో ఉన్నంతే, తులసికి పిండినల్లి పట్టింది, లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొడితే తగ్గింది. దోమలు చేరేది పాకెట్లలో కాదు, కింద పెట్టే ట్రేలో, దాన్ని రోజూ వంపేయండి.

ఇంటికి సరిపడా ఆకుకూరల కోసమే అయితే వీటికి డబ్బు పెట్టొద్దు, పాలకూర, తోటకూరకు వెడల్పాటి గ్రో బ్యాగే మేలు. చిన్న బాల్కనీ, తూర్పు ఎండ, మంచినీళ్లు, రోజూ చూసుకునే మనిషి ఉంటే మందపాటి గుడ్డది ఒక్కటి తీసుకుని, ముందు పుదీనా, వామాకు, నాచు పూలు ఈ మూడిటితోనే మొదలుపెట్టండి.